ఆరో నిజాం బీరువా, ఆరడుగుల నిచ్చెన

హైదరాబాద్ పాతబస్తీ పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా ఉంది. బీరువా అనగానే పెళ్లికి అత్తగారు పెట్టిన గోద్రెజ్‌ను ఊహించుకోకండి. అది బర్మా టేకుతో కట్టిన రెండంతస్తుల వీధి. పై అంతస్తుకు వెళ్లడానికి చేత్తో నడిపే చెక్క లిఫ్టు కూడా ఉంది. కరెంటు పోతే ఆగిపోయే బాధ లేదు, లాగే మనిషికి జీతం ఆగితే తప్ప.

దాని పొడవు 176 అడుగులని కొందరు, 240 అడుగులని కొందరు రాస్తారు. టేపు పట్టుకుని వంగితే పది నిమిషాల్లో తేలే సంగతే. కానీ వంగితే అడుగుచెక్క స్థితి కనపడుతుంది. కనపడితే ఏదో ఒకటి చేయించాలి. అందుకే మన ఊళ్లో పాత ఇళ్ల కొలతలన్నీ ‘సుమారు’లోనే ఉంటాయి.

మహబూబ్ అలీ ఖాన్ ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడగలేదంటారు. కొడుకు, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఒకే టోపీతో దశాబ్దాలు నెట్టుకొచ్చాడనీ అంటారు. రెండూ నిజమైతే ఆ కుటుంబానికి సగటు లెక్క సరిపోయినట్టే. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు మాత్రం ఈ గొప్పలేవీ పట్టించుకోరు, “ఇన్ని బట్టలు ఉతికిందెవరమ్మా?” అనే అడుగుతారు. మడతల మధ్య వేపాకు పేర్చినవాడి పేరు ఏ ఫర్మానాలోనూ లేదు మరి.

పాత సామాను దులపడం వల్ల లాభమేమిటని అడిగే ఆఫీసర్లకు ఒక ఉదాహరణ చెప్పాలి. తండ్రి పోయాక ఆయన పాత చెప్పు ముందుభాగంలో ఉస్మాన్ అలీ ఖాన్‌కు జాకబ్ వజ్రం దొరికిందని కథ. 184 క్యారెట్లు దాటిన రాయి. కొడుకు దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నాడు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలను 218 కోట్లకు కొన్నప్పుడు అదీ వాటితోనే వచ్చింది. పాత చెప్పులు దులిపితే ఇంత గిట్టుబాటైన సందర్భం ఈ ఊరి చరిత్రలో మరొకటి లేదు. అయినా దులిపే పద్దుకు డబ్బు అడిగితే ఫైలు వెనక్కి వస్తుంది.

పాత ఇంటికి కావలసినవి మహా గొప్ప వస్తువులేం కావు. డంగు సున్నం, నిచ్చెన, వానకు ముందు పైకప్పు ఎక్కే ఒక మనిషి. పిట్టగోడ పగుల్లో రావి మొక్క రెండాకులుగా ఉన్నప్పుడు వేళ్లతో పీకేయొచ్చు. మనం పీకం, కమిటీ వేస్తాం. కమిటీ టీ తాగి వెళ్లేలోపు వేరు గోడలోకి దిగుతుంది. తర్వాత కాంట్రాక్టర్ వచ్చి పగులు మీద సిమెంటు పూస్తాడు. సున్నం గోడ ఊపిరి పీలుస్తుంది, సిమెంటు దాని ముక్కు మూస్తుంది. చెమ్మ బయటికి రాలేక లోపలే ఉబ్బి, రెండేళ్లకు గోడ సిమెంటుతో సహా పెచ్చులుగా రాలుతుంది. అప్పుడు మళ్లీ టెండరు. ఈ చక్రంలో నష్టపోయేది గోడ ఒక్కటే.

కమిటీ కూడా దిక్కులేని ఇళ్లకు వేరే యోగాలున్నాయి. సాలార్‌జంగుల భవనం దివాన్ దేవిడీలో 1951లో మ్యూజియం తెరిచారు. వస్తువులు 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనానికి తరలిపోయాయి. దేవిడీకి మిగిలింది దర్వాజాలూ, బజారుకు పేరూ. హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీ ముందు తోట ఏళ్ల తరబడి పిల్లల క్రికెట్ మైదానం. పోనీ, రోజూ వచ్చి ఆ ఇంటి ముఖం చూసిందైనా వాళ్లే. కొన్ని దేవిడీలు షాదీఖానాలై బతికాయి. బిర్యానీ డేగ్‌లకున్న పరపతి చరిత్రకు ఎక్కడిది!

ఇక శ్రద్ధగా చూసేవాళ్ల సంగతికొస్తే, 2018 సెప్టెంబరులో పురానీ హవేలీ మ్యూజియానికి ఇద్దరు వచ్చారు. ముందే వచ్చి రెక్కీ చేసుకుని, ఓ రాత్రి వెంటిలేటర్ గుండా లోపలికి దిగి, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా పట్టుకెళ్లారు. ఏడో నిజాం ఆ డబ్బాలో తిన్నాడో లేదో గానీ, దొరికేలోపు దొంగ మాత్రం అందులోనే భోంచేశాడని పోలీసులు చెప్పారు. అద్దాల పెట్టెలో దుమ్ము తింటున్న డబ్బాకు అన్నం వాసన చూపించినవాడు అతనొక్కడే.

వారం పది రోజుల్లోనే వస్తువులు దొరికాయి. అప్పుడే టీవీలన్నీ హవేలీ గుమ్మం ముందు నిలబడి దాని చరిత్ర చెప్పాయి. అక్కడొక మ్యూజియం ఉందని నగరంలో సగం మందికి ఆ వారమే తెలిసింది.

కాబట్టి అధికారులకు నాదొక మనవి. పైకప్పు ఎక్కి, వెంటిలేటర్లన్నీ చూసి, ఏది ఎంత వదులుగా ఉందో డబ్బు ఖర్చు లేకుండా తనిఖీ చేసినవాళ్లు ఆ ఇద్దరే. శిక్ష సంగతి ఎలా ఉన్నా, వాళ్ల వాంగ్మూలం కాపీ ఒకటి మరమ్మతుల విభాగానికి పంపండి. ఏ కమిటీ రిపోర్టులోనూ లేని వివరాలు అందులో ఉంటాయి.