కాగితం లేని కాలేజీ, మూడు సెట్ల జిరాక్సు

మన కాలేజీలు కాగితాన్ని జయించాయి. నమ్మకపోతే గేటు దగ్గర ఫ్లెక్సీ చూడండి: ‘పేపర్‌లెస్ క్యాంపస్’. ఫ్లెక్సీ ప్లాస్టిక్కు కాబట్టి మాట తప్పినట్టు కూడా కాదు. లోపల ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఒక మానిటరు, పక్కన పూలకుండీ. పాత బీరువాలూ లేవు, కట్టలూ లేవు. మరి ఆ కాగితమంతా ఏమైందంటారా? బస్టాండు పక్కన జిరాక్సు షాపుకి బదిలీ అయింది.

బెల్లంకొండ మండలం నుంచి సత్తెనపల్లికో పిడుగురాళ్ళకో డిగ్రీకి వెళ్ళే పిల్ల సంచి ఒకసారి తెరిపించండి. ఆధార్ జిరాక్సు, రైస్ కార్డు జిరాక్సు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ. ఒక్కోటి మూడేసి సెట్లు. ‘ఆన్‌లైన్‌లో అప్లై చేశావుగా అమ్మాయ్, ఆ ప్రింటు తీసి, వీటన్నిటితో కలిపి పిన్ను కొట్టి ఆఫీసులో ఇచ్చిపో’ అంటాడు గుమస్తా. కోహినూరు దొరికిందని చెప్పుకునే కొల్లూరు ఈ మండలంలోదే, ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. ఆ వజ్రం ఒక్క ఫారమైనా నింపకుండా లండన్ దాకా వెళ్ళింది. ఈ మండలం పిల్ల సత్తెనపల్లి దాకా వెళ్ళాలంటే మాత్రం మూడు సెట్లు కావాలి.

చట్టం లేదా అంటే, నిక్షేపంగా ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డుకి గుర్తింపు ఇస్తూ ఐటీ చట్టం 2000లోనే వచ్చింది. డిజీలాకర్‌లో జారీ అయిన పత్రం అసలుతో సమానమని 2017లో నిబంధనల్లో రాశారు. గుమస్తాకి ఫోన్లో ఆ పత్రం చూపించండి. తెర వంక చూసి, మీ మొహం వంక చూసి, ‘బాగానే ఉందిగానీ, దీని జిరాక్సు ఏదీ?’ అంటాడు.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 161 సేవలతో ‘మన మిత్ర’ వాట్సాప్ పాలన మొదలుపెట్టింది. ఇంటర్ హాల్ టికెట్లు వాట్సాప్‌లోకే వచ్చాయి. శభాష్. అయితే పరీక్ష హాల్లోకి ఫోను రానివ్వరు. కాబట్టి హాల్ టికెట్ ఫోనుకి వస్తుంది, ఫోను గుమ్మం బయట ఆగిపోతుంది, పిల్ల ప్రింటు పట్టుకుని లోపలికి పోతుంది. ఇందులో తప్పెవరిదో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే ఇన్ని శాఖలు కలిసి పనిచేస్తున్నాయి.

నెట్ సెంటర్లో కాసేపు కూచుంటే డిజిటల్ విప్లవం కళ్ళారా కనబడుతుంది. ‘అన్నా, ఫైలు తీసుకోవట్లేదు.’ ‘రెండొందల కేబీ దాటింది చెల్లెమ్మా, కుదించాలి.’ కుదిస్తాడు. నాన్న సంతకం చీమ పాకినట్టు మిగులుతుంది. ఓటీపీ వస్తుంది, కానీ ఆధార్‌కి కలిపిన నంబరు నాన్న జేబులో, నాన్న మిరప చేలో. ఆయన ఫోనెత్తి, కళ్ళద్దాలు లేక పక్కవాడి చేత అంకెలు చదివించేసరికి గడువు దాటిపోతుంది. మళ్ళీ మొదటికి. అన్నీ అయ్యాక రెండో రోజు కబురు: ‘పత్రం స్పష్టంగా లేదు, తిరస్కరించడమైనది.’

ఇక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. డిగ్రీ మొదటి ఏడాది అవగానే 180 గంటలు ఊళ్ళో తిరిగి సర్వే చేయాలి. ఆలోచన మంచిదే, నేను కాదనను. ఉన్నత విద్యామండలి ప్రోగ్రాం బుక్కును చక్కగా పీడీఎఫ్ చేసిపెట్టింది. పిల్లలు దాన్ని ప్రింటు తీస్తారు. రోజువారీ లాగ్ పెన్నుతో నింపుతారు. సంతకాలు చేయిస్తారు. స్పైరల్ బైండింగు చేయిస్తారు. చాలా కాలేజీలు ఆ పుస్తకాన్ని మళ్ళీ స్కాన్ చేసి పీడీఎఫ్ పంపమంటాయి. డిజిటల్‌గా పుట్టి, కాగితమై బతికి, మళ్ళీ డిజిటల్‌లో ఐక్యమయ్యే ఈ జన్మచక్రంలో ప్రతి మలుపులోనూ డబ్బు కట్టేది విద్యార్థే.

అసలు కిటుకంతా అక్కడుంది. పూర్వం కాలేజీయే రీములు కొని, స్టెన్సిల్ కొట్టించి నోట్సు పంచేది. ఖర్చు కాలేజీ ఖాతాలో. ఇప్పుడు లెక్చరర్ గారు పీడీఎఫ్‌ని క్లాసు గ్రూపులో పడేస్తారు. సెమిస్టర్ పరీక్ష మాత్రం పెన్నుతో, కాగితం మీదే. ఆ నోట్సుని అరచేతిలో తెర మీద చదివి పరీక్షకి వెళ్ళే గుండె ధైర్యం ఎవరికుంది? ప్రింటు తీస్తారు. పేజీకి రెండు రూపాయలో మూడు రూపాయలో, మిరప కోతల కూలి డబ్బుల్లోంచి. కాలేజీ వార్షిక నివేదికలో దీని పేరు ‘కాగితం ఆదా’.

లెక్చరర్లని అని ఏం లాభం? వాళ్ళు ఫొటోలు తీసే పనిలో ఉన్నారు. పాఠం చెబితే సరిపోదు, చెప్పినట్టు అక్షాంశ రేఖాంశాలతో సహా జియోట్యాగ్ ఫొటో ఉండాలి. కాలేజీలకి గ్రేడులిచ్చే నాక్‌కి మొన్నమొన్నటి దాకా ఏడు క్రైటీరియాలు ఉండేవి. సెల్ఫ్ స్టడీ రిపోర్టు వెళ్ళేది ఆన్‌లైన్‌లోనే. తనిఖీకి పీర్ టీమ్ వచ్చేనాటికి మాత్రం బల్ల మీద ఏడు రంగుల ఫైళ్ళు ఉండేవి, అందులో గ్రీన్ ఆడిట్ నివేదిక అన్నిటికంటే లావుగా ఉండేది.

ఆ నాక్ సంగతే వచ్చింది కాబట్టి: 2025 ఫిబ్రవరిలో, గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీకి పెద్ద గ్రేడు ఇప్పించడానికి లంచాలు నడిచాయన్న ఆరోపణ మీద సీబీఐ పదిమందిని అరెస్టు చేసింది. 37 లక్షల నగదు, ఆరు ల్యాప్‌టాప్‌లు, ఒక ఐఫోన్ దొరికాయని ప్రకటించింది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఉన్నత విద్యకి డిజిటల్ పరికరాలు ఏ విధంగా తోడ్పడతాయన్న ప్రశ్నకి ఇంత క్లుప్తమైన జవాబు మాత్రం ఏ సెమినార్లోనూ రాలేదు.

ఈ డిజిటల్‌లో నిజంగా పనికొచ్చేది లేదా? ఉంది. ఐఐటీ అయ్యవార్ల పాఠాలు ఎన్‌పీటెల్‌లో 2003 నుంచి పోగవుతున్నాయి. 2017లో ‘స్వయం’ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక వచ్చింది. బెల్లంకొండలో అరుగు మీద కూచుని మద్రాసు ఐఐటీ పాఠం పైసా ఫీజు లేకుండా వినొచ్చు. అర్థం కాకపోతే వెనక్కి జరిపి మళ్ళీ వినొచ్చు, విసుక్కునేవాడు ఉండడు. ఆ పిల్ల నిజంగా విన్నదా, విన్నది తలకెక్కిందా అని అడిగే గడి మాత్రం ఏ ఫారంలోనూ లేదు. అంతా అప్‌లోడే తప్ప ఎవరి బుర్రలోకి ఎంత దిగిందో ఎవరికీ పట్టదు.

కనక పేపర్‌లెస్ అవార్డులిచ్చే పెద్దలకి ఒక మనవి. ఈసారి శాలువా ప్రిన్సిపాల్ గారికి వద్దు, జిరాక్సు షాపు ఓనరుకి కప్పండి. కాలేజీ కాగితమంతా ఒంటిచేత్తో మోస్తున్నది ఆయనే. ప్రశంసాపత్రం మంచి మందపాటి కాగితం మీద వేయించి, ల్యామినేషన్ చేయించండి. తీసుకునేటప్పుడు ఆధార్ జిరాక్సు తెమ్మని ముందే చెప్పండి. ఆయనకి ఖర్చుండదు.