పది రూపాయల అన్న

"ఎంతైందన్నా?" అని ఎవరడిగినా ఆయన జవాబు ఒకటే. "పది రూపాయలు."

ముందు ఇరుసు మీద కొత్తగా ఇత్తడి ముక్క మెరుస్తోంది, ఎంతైంది? పది రూపాయలు. టైర్లలో ఫోమ్ మార్చావట, ఎంతైంది? పది రూపాయలు. మరి స్టీరింగ్‌కి మెటల్ గేర్ల సర్వో వేశావు కదా, ఎంజీ90ఎస్, అది పది రూపాయలకి ఎక్కడ దొరికిందన్నా? "సర్వో లెక్కలోకి రాదు తమ్ముడూ. అది ఎలక్ట్రానిక్స్. నేను చెప్పేది మోడ్ ఖర్చు. దాన్ని బిగించిన రెండు స్క్రూలు, ఒక జిప్ టై. పది రూపాయలు."

ఆర్‌సీ క్రాలర్లు ఆడేవాళ్లు నలుగురు చేరిన చోట ఇలాంటి అన్న ఒకడు ఉండి తీరతాడు. వయసు అరవైకి ఇటో అటో. బ్యాంకులోనో కరెంటాఫీసులోనో చేసి రిటైరైనవాడు. గుంపులో మిగతావాళ్లందరూ ఆయన కొడుకు ఈడువాళ్లే, అయినా ఆయన అందరికీ అన్నే. కొత్తగా వచ్చిన కుర్రాడెవడైనా తెలియక "అంకుల్" అన్నాడంటే ఆ పూట వాడి బండికి వైద్యం అందదు. మా కింది ఫ్లాట్‌లో ఉండే అన్న ఈ జాతిలో ఉత్తమ నమూనా కాబట్టి ఆయన్నే పట్టుకుంటాను.

రిమోట్ కారు అనగానే జుయ్యిమని దూసుకుపోయి గోడకి గుద్దుకునేది గుర్తొస్తుంది. క్రాలర్ అలా కాదు. అసలు జీపునో ట్రక్కునో పదో వంతుకో పదహారో వంతుకో కుదించి, నిజం బండేనని భ్రమపడేలా తయారుచేసి, రాళ్ల మీదికి ఎక్కిస్తారు. ఎంత నెమ్మదిగా ఎక్కితే అంత గొప్ప. చీమలు దాటిపోతాయి, అదేమీ అవమానం కాదు. విదేశాల్లో చాలామంది ఈ సరదా కోసం పెరట్లో రాళ్లు పేర్చుకుంటారు, సిమెంటుతో గుట్టలు కట్టుకుంటారు. హైదరాబాదువాళ్లకి ఆ బాధ లేదు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుండ్లు ఊరి మధ్యలోనే ఉన్నాయి. ఎండలో గరగరలాడుతూ టైరుని పట్టుకుంటాయి, టికెట్టు లేదు. ఈ ఆటలో అన్నకి మొట్టమొదట నచ్చింది ఆ టికెట్టు లేకపోవడమే. ఈ రాళ్లని కాపాడాలని 1996లో ఒక సంఘం కూడా పుట్టింది. అన్న అందులో సభ్యుడు కాడు గానీ, గచ్చిబౌలి వైపు ఎక్కడైనా బండ పేల్చారని వింటే ఆ రోజు అన్నం సరిగా తినడు.

అన్న బండి డబ్ల్యూపీఎల్ సీ24. చైనా తయారీ, పదహారో వంతు, పాత టొయోటా హైలక్స్ ముఖం. క్రాలర్లలో ఇంతకంటే చవకది వెతికి పట్టుకోవడం కష్టం. పెట్టెలోంచి తీసినప్పుడు అరచెయ్యంత ఎత్తు రాయి ఎక్కమంటే వెనక్కి బోర్లాపడేది. అది పడినప్పుడల్లా అన్న ముఖంలో ఒక వెలుగు కనిపించేది. ఆయనకి కావలసింది రాయెక్కే బండి కాదని, ఎక్కలేని బండి అని మాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

బండి బోర్లాపడకూడదంటే బరువు కింద ఉండాలి, ముందుండాలి. ఎక్కేటప్పుడు భారమంతా వెనక చక్రాల మీదికి జారుతుంది కాబట్టి ముందు వైపు ముందే ఎక్కువ పెట్టుకోవాలి, నూటికి అరవై పాళ్లు ముందు, నలభై వెనక. ఇది అందరికీ తెలిసిన సంగతే. తెలిసినవాళ్లు ఏం చేస్తారంటే, ముందు ఇరుసు చివర బిగించే ఇత్తడి నకిల్సు, ఇత్తడి చక్రాలు ఆర్డరు పెట్టుకుంటారు. ఇత్తడి అల్యూమినియానికి మూడింతల పైన బరువు. అన్న ఏం చేస్తాడంటే, వీల్ అలైన్‌మెంట్ షాపుకి వెళ్లి నిలబడతాడు. అక్కడ కార్ల చక్రాలకి అతికించే ఐదు గ్రాముల, పది గ్రాముల బిళ్లలుంటాయి. పాతవి ఊడి నేల మీద పడుతుంటాయి. అన్న వంగి ఏరుకుంటాడు. షాపు కుర్రాడు మొదట్లో "ఏం కావాలి సార్?" అనేవాడు, ఇప్పుడు చీపురు అందిస్తున్నాడు. వాటిలో కొన్ని సీసం, చేతులు కడుక్కోకుండా ఇడ్లీ తినకు అని చెబితే మాత్రం వింటాడు. సబ్బు ఇంటిదే కాబట్టి.

ఆ బిళ్లల్ని రిమ్ము లోపల చుట్టూ అతికించాక ఇంట్లో త్రాసు అవసరమైంది. గ్రాము వరకు చూపించే కిచెన్ త్రాసు వచ్చిన రోజున వదిన, ఆయన తన కేకుల కోసమే తెచ్చాడనుకుని సంతోషించింది. ఆ సంతోషం రాత్రి దాకా నిలిచింది. ఆ తర్వాత ఆ ఇంట్లో బరువు తూగని వస్తువు లేదు. కుక్కర్ విజిల్, కొడుకు చిన్నప్పటి బొంగరం, తలుపు గడియ. ఒక శుక్రవారం పూజలో గంట ఊపితే మోగలేదు. ఏమిటా అని వదిన తిరగేసి చూస్తే లోపల నాలుక లేదు.

"ఏమండీ, గంట నాలుకేదీ?"

"ముందు ఇరుసు మీదుంది. సరిగ్గా ఇరవై రెండు గ్రాములు."

"దేవుడికి వినపడొద్దా?"

"దేవుడికి గంట ఎందుకే, మనసులో అనుకుంటే చాలు" అన్నాడు అన్న. రెండు రోజుల తర్వాత గంటకి స్టీలు నట్టు ఒకటి వేలాడదీసి ఇచ్చాడు. మోగుతోంది. దేవుడికి ఎలా వినిపిస్తోందో గానీ, వదినకి మాత్రం రేకు డబ్బా మోగినట్టుందట.

ఫోమ్ సంగతి ఇంకా చెప్పాలి. క్రాలర్ టైరులో గాలి ఉండదు, ఫోమ్ ఉంటుంది. అది మెత్తగా ఉంటే టైరు రాయి మీద ఒదిగి పట్టుకుంటుంది, మరీ మెత్తదైతే పక్కవాలులో నలిగి బండి ఒరిగిపోతుంది. పై భాగం మెత్తన, లోపల గట్టి, ఇదీ కావలసింది. మొదట గిన్నెలు తోమే స్క్రబ్బర్ల మీద పడ్డాడు. పసుపు స్పాంజి కోసి బండికి తీసుకుని, పచ్చ పీచు సింకు దగ్గర పెట్టేసేవాడు. పనిమనిషి ఈ ఇంట్లో స్క్రబ్బర్లు ఇంత పల్చగా ఎందుకొస్తాయని కొన్నాళ్లు షాపువాడిని తిట్టుకుంది. స్పాంజి తడిసి నీళ్లు పీల్చి బరువెక్కుతోందని తేలాక నీళ్లు పీల్చని ఫోమ్ కోసం ఇల్లంతా వెతికాడు. వదిన యోగా మ్యాట్ దొరికింది. నక్షత్రం ఆకారంలో కోస్తే కొమ్ములు మెత్తగా వంగుతాయి, నడుము బరువు మోస్తుంది. అది నిజమే, చక్కగా పనిచేసింది. ఇప్పుడు వదిన నాలుగు నక్షత్రాల మ్యాట్ మీద శవాసనం వేస్తోంది. నడుము కింద ఒక చుక్క ఖాళీగా తగులుతోందని అంటుంది.

ఆ ఇంట్లో బాల్ పెన్నులు క్లిక్కుమనవు. వాటి స్ప్రింగులు షాక్ అబ్జార్బర్లలో ఉన్నాయి. మెత్తటి స్ప్రింగయితే గుంతలోకి చక్రం దిగి నేలని వెతుక్కుంటుంది, నాలుగు చక్రాలూ ఆనతాయి. కొరియర్ కుర్రాడు సంతకం కోసం పెన్నడిగితే రీఫిల్ చేతికొచ్చి, గొట్టం కింద పడుతుంది. వానాకాలం రాగానే మనవరాలి పుట్టినరోజున మిగిలిన బెలూన్ ఒకటి తీసి, రిసీవర్ బోర్డుని అందులో దూర్చి, మూతికి జిప్ టై వేశాడు. చాలామంది చేసేదే. కాకపోతే ఆ చవక బండిలో మోటారుకి కరెంటు అందించేదీ ఆ బోర్డే. గాలి తగలక అరగంటలో లోపల ఉడికింది. దానికి ఎంతైందో నేనడగలేదు. కోఠీ గుజరాతీ గల్లీలో కొత్త బోర్డుకి కొలతలు చెప్పుకుంటూ నిలబడినప్పుడు, పక్కన ఉన్నది నేనే. పార్కింగు డబ్బులిచ్చిందీ నేనే.

ఇదంతా చూసి ఆయన్ని పిసినారి అనుకుంటారు. కాదు. కుర్రాళ్లందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఆయన లెక్కే. అన్నకి డబ్బు ఖర్చుపెట్టడం కష్టం కాదు. డబ్బు పెట్టినందువల్ల ఒక వస్తువు బాగా పనిచెయ్యడం కష్టం. కొనుక్కుంటే ఎవరి బండైనా ఎక్కుతుంది, అందులో నీ గొప్పేముంది అన్నది ఆయన సిద్ధాంతం. అందుకే గుంపులో ఆయనకి పడనివాడు ఒక్కడే. ఐటీ కుర్రాడు. పెట్టెలో వచ్చిన ఇత్తడి సామాను మొత్తం పెట్టెలోంచే తీసి బిగించుకుంటాడు. వాడి బండి ఏ రాయైనా నిశ్శబ్దంగా ఎక్కి అవతల దిగుతుంది. అన్న చూడనట్టు తల తిప్పుకుని, "బాగుంది" అంటాడు. ఆ మాట అంత చల్లగా అనడం ఆయనకే చేతనవుతుంది.

వైద్యం మాత్రం ఎవరికైనా చేస్తాడు. ఒకసారి ఒకాయన అటక మీంచి దించిన పాత టామియా సీసీ-01 తెచ్చాడు. జపాన్ బండి, 1990ల నాటి డిజైను, చూడ్డానికి ముచ్చటైనది. లోపల డిఫరెన్షియల్ ఓపెన్. అంటే ఒక చక్రం గాల్లోకి లేస్తే తిప్పుడంతా ఆ గాల్లో చక్రానికే పోతుంది, నేల మీద ఉన్నది చేతులు కట్టుకుని కూర్చుంటుంది. అన్న జేబులోంచి ఎం-సీల్ పొట్లం తీశాడు. జేబులో ఎం-సీల్ ఎందుకుంటుంది అని అడక్కండి. రెండు ముద్దలూ తీసుకుని ఒకటే రంగొచ్చేదాకా బొటనవేలితో పిసికాడు. డిఫ్ విప్పి, గ్రీజు చుక్క మిగలకుండా పెట్రోలు గుడ్డతో తుడిచాడు, "గ్రీజు ఉంటే పట్టదు" అని మూడుసార్లన్నాడు. చిన్న గేర్ల సందుల్లోకి అగ్గిపుల్లతో ముద్దని కూరి మూసేశాడు. ఇక రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి. బండి మలుపు తిరగడానికి ముందుకంటే వెడల్పు స్థలం కావాలి, అది తప్పదు. గట్టిపడ్డాక వెనక్కి తీసుకోవడమూ లేదు. "మళ్లీ మామూలుగా చెయ్యాలంటే?" అని బండాయన భయంగా అడిగాడు. "ఎందుకు చెయ్యాలి?" అని అన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు.

అప్పుడప్పుడు పందెం పెట్టుకుంటారు. రాళ్ల మధ్య రెండేసి పుల్లలు గుచ్చి గేట్లు పెడతారు. వాటి మధ్యగా దాటాలి. పుల్లకి తగిలితే పాయింట్లు, బండిని చేత్తో ముట్టుకుంటే ఇంకా పాయింట్లు. ఈ పాయింట్లు ఎక్కువ వచ్చినవాడు ఓడినట్టు. అన్న తన వంతు వచ్చినప్పుడు నాలుక కొరుక్కుంటాడు. బండి ఎడమకి ఒరిగితే తను కుడికి వంగుతాడు. రిమోట్ పట్టుకోని చెయ్యి బండి కింద జానెడు దూరంలో, తాకకుండా, దానితో పాటే కదులుతుంది. ఆ కాసేపు ఆయన చుట్టూ ఎవరూ మాట్లాడరు. ఐటీ కుర్రాడైనా సరే. గెలుస్తాడా అంటే, గెలవడు. మూడో గేటు దగ్గరో నాలుగో గేటు దగ్గరో ఏదో ఒకటి ఊడిపోతుంది. పొద్దున్నే పెట్టిన మోడ్ అది. పందెం రోజున కొత్త మోడ్ వెయ్యకూడదని ఆయనే అందరికీ చెబుతుంటాడు.

ఇలా ఉండగా కొడుకు వచ్చాడు. ఫ్రిస్కోలో ఉంటాడు. డాలస్ పక్కనున్న మన ఊరే అనుకోండి. దాని పక్క ఊరు మెకిన్నీ, ఈ రిమోట్ బండ్లు చేసే ట్రాక్సస్ కంపెనీ ఉండేది అక్కడే. కొడుకు తండ్రి సరదా తెలిసినవాడు కాబట్టి డిఫెండర్ బాడీ ఉన్న వాళ్ల టీఆర్ఎక్స్-4 ఒకటి సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చాడు. 2017లో వచ్చిన బండి. డిఫరెన్షియళ్లని రిమోట్ మీంచే లాక్ చెయ్యొచ్చు, తియ్యొచ్చు. ఇరుసు చివర్లలో పోర్టల్ గేర్లు, అందువల్ల ఇరుసు పైకి లేచి రాళ్లకి తగలదు. రెండు స్పీడుల గేర్‌బాక్సు. నీళ్లలో పడినా పరవాలేదు. మన డబ్బుల్లో అప్పట్లో నలభై వేలకి అటూ ఇటూ. అన్న పెట్టె విప్పాడు, చేతుల్లోకి తీసుకున్నాడు, నాలుగు వైపులా తిప్పి చూశాడు. ఎం-సీల్ పెట్టడానికి చోటు లేదు. బెలూన్ అక్కర్లేదు. సర్వో బలమైనదే.

"ఎలా ఉంది నాన్నా?"

"బాగుంది" అన్నాడు.

ఐటీ కుర్రాడితో అనే గొంతే అది. కొడుక్కి తెలియదు, నాకు తెలుసు. వాడు తిరిగి అమెరికా వెళ్లేదాకా అన్న ఆ బండిని రోజూ హాల్లో అటూ ఇటూ రెండుసార్లు నడిపించి పెట్టెలో పెట్టేసేవాడు. మనిషి కొంచెం చిక్కాడు కూడా. వదినే నన్ను పిలిచి, "ఆ స్క్రబ్బర్లేవో కోసుకున్నా బాగుండేదయ్యా, ఊరికే కూర్చుంటున్నారు" అంది.

వాడు వెళ్లిన తర్వాతి ఆదివారం బలవంతాన ఖాజాగూడ రాళ్ల దగ్గరికి లాక్కెళ్లాను. మిగతా కుర్రాళ్లు డిఫెండర్ చుట్టూ మూగారు. అన్న ఉత్సాహం లేకుండా రాయి మీదికి వదిలాడు. నిటారుగా ఉన్న చోట కూడా ఎక్కేసింది. అన్న ఆవలించాడు. అక్కణ్ణుంచి పక్కవాలు మీదుగా తిప్పాడు. డిఫెండర్ నెత్తిన సామాను రాక్ ఉంటుంది, చుట్టూ పంజరం ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ బరువంతా పైనే. సగం దూరం వెళ్లి, పై చక్రాలు రెండూ మెల్లగా లేచి, కాసేపు గాల్లో ఆలోచించి, బండి పక్కకి దొర్లిపోయింది.

కుర్రాళ్లు "అయ్యో" అన్నారు. అన్న దగ్గరికెళ్లి వంగి చూశాడు. రాక్ మీద వేలితో తట్టాడు. చక్రం రిమ్ములోకి తొంగి చూశాడు, లోపల చుట్టూ ఎంత ఖాళీ ఉందో వేలితో కొలిచాడు. తర్వాత ఫోన్ తీసి, అక్కడ రాత్రి పది దాటి ఉంటుందని కూడా చూడకుండా కొడుక్కి కొట్టాడు.

"ఒరేయ్ నాన్నా, ఏం బండి తెచ్చావురా! చాలా బాగుంది. పక్కకి పడిపోతోంది!"