పరీక్ష ముందురాత్రి ప్రొఫెసర్

బీటెక్ సీఎస్‌ఈ ఏ కాలేజీలో చూసినా, ఏ బ్యాచ్‌లో చూసినా ఇతనొకడు ఉండి తీరతాడు. జేఎన్‌టీయూ సిలబస్‌లో ఇతని పేరు కనపడదు. కాలేజీ జీతాల రిజిస్టర్లో అసలే కనపడదు. అయినా సెక్షన్‌లో సగం మంది గట్టెక్కేది ఇతని చలవ వల్లే.

పగటిపూట చూస్తే ఇతన్ని ఎవరూ ఇంతటివాడనుకోరు. చివరి బెంచీలో కిటికీ పక్కన గోడకి జారబడి, కళ్లు తెరుచుకునే నిద్రపోతుంటాడు. అటెండెన్స్ ఎప్పుడూ 75 శాతానికి చేరదు, 65కి దిగదు. ఆ రెండింటి మధ్య ఉన్నవాడు కండోనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాసుకోవచ్చు. 65 కన్నా తగ్గితే డిటైనే. ఆ పది శాతం సందులో నాలుగేళ్లు కాపురం వెలగబెట్టడం మాటలు కాదు. రేపు ఎన్ని క్లాసులకి వెళ్లాలో, ఎల్లుండి ఎన్ని ఎగ్గొట్టొచ్చో లెక్క ఇతని నాలుక చివర ఉంటుంది. ఈ లెక్కలో చూపించిన శ్రద్ధలో పావువంతు ఎం-వన్ మ్యాథ్స్‌లో చూపించి ఉంటే అది మొదటిసారికే పాసయ్యేది.

హాస్టల్లో అందరికీ ఇతను "మామ". సీనియర్లకీ మామే, జూనియర్లకి "మామన్న". పరీక్ష ముందురోజు సాయంత్రం మెస్సులో చపాతీలు అయిపోయే వేళకి గిరాకీ మొదలవుతుంది.

"మామా, రేపు ఓఎస్. ఏమీ రాదు. ఏమొస్తాయో చెప్పు."

మామ ముందు పంచాంగం విప్పుతాడు. పంచాంగమంటే గత అయిదారేళ్ల ప్రశ్నపత్రాలు. కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో మైక్రో చేయించి, మడతపెట్టి జేబులో పెట్టుకు తిరుగుతాడు. రెగ్యులేషన్లు కొట్టిన పిండి. ఆర్18 అయితే పార్ట్ ఏ 25 మార్కులు, అన్నీ రాయాల్సిందే. పార్ట్ బీలో యూనిట్‌కి ఒకటి చొప్పున అయిదు పదులు యాభై, ప్రతిదానికీ "లేదా" ఉంటుంది. ఎక్స్‌టర్నల్ 75కి 26, ఇంటర్నల్‌తో కలిపి నూటికి 40. "ఇరవయ్యారు తెచ్చుకోవడానికి సబ్జెక్టంతా ఎందుకురా? రెండు యూనిట్లు గట్టిగా, మూడోది మెత్తగా, మిగతావి దేవుడికి." డీబీఎంఎస్‌లో నార్మలైజేషన్ లేకుండా పేపరొస్తే చదువే మానేస్తానని మొదట్నుంచీ పందెం కాస్తున్నాడు. ఇంతవరకు మానేయాల్సిన అవసరం రాలేదు.

ఇంతవరకే అయితే ఇతన్ని గైడు పుస్తకాల కోవలో కట్టేసి వదిలేయొచ్చు. అసలు సంగతి పదకొండు దాటాక మొదలవుతుంది. రెండు మంచాలు దగ్గరికి జరిపి తొమ్మిదిమంది కూర్చుంటారు. బీరువా తలుపే బోర్డు. టాపర్ కూడా చాప చంకన పెట్టుకుని వస్తాడు, కాకపోతే "నాకు డౌట్లేం లేవు, ఊరికే" అని ముందే చెప్పేస్తాడు.

"డెడ్‌లాక్ అంటే ఏంట్రా?"

టాపర్ కళ్లు మూసుకుని పుస్తకంలో ఉన్న ఇంగ్లిషు నిర్వచనం కామాలతో సహా అప్పజెప్పేస్తాడు. మామ ఓపిగ్గా వింటాడు.

"బాగుంది. ఇప్పుడు విను. మన బాత్రూంలో బకెట్ ఒకటి, మగ్గు ఒకటి. బకెట్ నువ్వు పట్టుకున్నావ్. మగ్గు వీడు పట్టుకున్నాడు. నీకు మగ్గు కావాలి, వీడికి బకెట్ కావాలి. చేతిలోది ఎవడూ వదలడు. స్నానం అయిందా?"

"కాలేదు."

"ఎప్పటికవుతుంది?"

"ఎప్పటికీ కాదు."

"అదేరా డెడ్‌లాక్. ఇప్పుడు కండిషన్లు రాసుకోండి. ఒక బకెట్‌తో ఒకేసారి ఇద్దరు పోసుకోలేరు, మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్. ఉన్నది వదలకుండా లేనిదాని కోసం నిలబడటం, హోల్డ్ అండ్ వెయిట్. ఒకడి చేతిలోది ఇంకొకడు లాక్కోకూడదు, నో ప్రీఎంప్షన్. నువ్వు వీడికోసం, వీడు నీకోసం, సర్క్యులర్ వెయిట్. నాలుగూ కలిస్తేనే ఇరుక్కుంటాం. ఒక్కటి విరగ్గొట్టినా చాలు, స్నానం అయిపోతుంది. ఏది విరగ్గొడదాం?"

"వార్డెన్‌ని పిలిస్తే?" అన్నాడొకడు.

"వచ్చి లాగేసుకుంటాడు. ప్రీఎంప్షన్ వచ్చేసింది. భేష్."

ఆ మూల ఒకడుంటాడు, మూడేళ్లలో క్లాసులో నోరు విప్పి ఎరగడు. వాడు నెమ్మదిగా అన్నాడు. "మామా, ఎవడైనా సరే ముందు బకెట్టే పట్టుకోవాలి, ఆ తర్వాతే మగ్గు అని రూలు పెడితే? బకెట్ దొరకనోడు మగ్గు ముట్టుకోడు కదా."

మామ మార్కర్ మూత పెట్టేశాడు. "ఒరేయ్, పుస్తకంలో దీన్ని రిసోర్స్ ఆర్డరింగ్ అంటారు. సర్క్యులర్ వెయిట్‌కి ఇదే మందు. నీకు ఓఎస్ వచ్చురా, ఆ సంగతి నీకే తెలీదు."

ఈ నాలుగు షరతుల్నీ ఒకచోట పేర్చి పెట్టింది 1971లో కాఫ్‌మన్, ఆయన సహరచయితలు. మన హాస్టల్లో ఒక్క ఎండాకాలం గడిపి ఉంటే ఇంకాస్త ముందే తేల్చేవారు.

ఇలాంటివి మామ దగ్గర చాలా ఉన్నాయి. నెట్‌వర్క్స్‌లో ఓఎస్‌ఐ ఏడు లేయర్లు వరసలో గుర్తుండక ఏటా ఎందరో మునుగుతుంటారు. ఇంగ్లిషులో దానికి పిజ్జా గురించిన వాక్యమేదో ఉంది. మామ దాన్ని ముట్టుకోడు, సొంత సరుకు వాడతాడు: "ఫీజు డబ్బులు నాన్న ట్రాన్స్‌ఫర్ సెయ్యకపోతే ప్రిన్సిపాల్ అరుస్తాడు." ఫిజికల్, డేటా లింక్, నెట్‌వర్క్, ట్రాన్స్‌పోర్ట్, సెషన్, ప్రెజెంటేషన్, అప్లికేషన్. "చెయ్యకపోతే అనాలి కదా మామా?" అని ఎవడైనా సరిదిద్దబోతే "అను. సెషన్ లేయర్ నువ్వే వెతుక్కో" అంటాడు. గర్ల్స్ హాస్టల్‌కి ఇవన్నీ వాయిస్ నోట్లుగా వెళతాయి. వెనకాల ఫ్యాను చప్పుడు, మధ్యమధ్య ఎవరిదో గురక.

ఫ్లాట్ (ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమేటా థియరీ) సబ్జెక్టు దగ్గర మాత్రం మామ గొంతు మారిపోతుంది. ఏలు ఎన్నుంటే వాటి వెనక బీలు అన్నే ఉండాలనే భాష రెగ్యులర్ కాదని పంపింగ్ లెమ్మాతో నిరూపించమని అడుగుతారు. క్లాసులో సారు స్లైడు చదివి, "ఇది ఇంపార్టెంట్" అని తర్వాతి స్లైడుకి వెళ్లిపోయిన ఘట్టమది. "ఫైనైట్ ఆటోమేటన్‌కి ఉన్నవి లెక్కకి కొన్ని స్టేట్లేరా. ఏలు అంతకన్నా ఎక్కువొస్తే ఒక స్టేటుకి మళ్లీ వచ్చి తీరాలి. మళ్లీ వచ్చిందంటే ఎన్ని చూసిందో మర్చిపోయినట్టే. ఇంక బీలు ఎన్ని అడగాలో దానికేం తెలుసు?" అంటూ చెబుతుంటే ఎదురుగా ఉన్నవాళ్లు పెన్నులు ఆపేస్తారు. అప్పుడు వాళ్లలో ఎవడో ఒకడు తప్పకుండా, "మామా, ఇది రాస్తే ఎన్ని మార్కులు?" అంటాడు. మామ కిందికి దిగొస్తాడు.

ల్యాబుల్లో ఇతని పలుకుబడి వేరే రకం. మొదటి ఏడాది సీ ల్యాబులో 1990ల నాటి టర్బో సీ నీలం తెర ఇంకా వెలుగుతున్న కాలేజీలు కొన్ని ఉన్నాయి. అక్కడ చదివినవాళ్లకి ప్రోగ్రాం మొదట తెర తుడవకపోతే, చివర గెట్‌చ్ పెట్టకపోతే అరిష్టమని బలమైన నమ్మకం. ప్రోగ్రాం నడిచినా నడవకపోయినా రికార్డు మాత్రం రాయాలి. కంప్యూటర్ ఇవ్వాల్సిన అవుట్‌పుట్‌ని మనమే నీలం పెన్నుతో రాసి, చుట్టూ స్కేలుతో డబ్బా గీసి, సంతకం పెట్టించుకోవాలి. మామ రికార్డు ఎవరో రాస్తారు. బదులుగా మామ వాళ్ల ప్రోగ్రాం ఎందుకు ఏడుస్తోందో చూసిపెడతాడు. తెర వైపు ఒకసారి చూసి, "స్కాన్‌ఎఫ్‌లో యాంపర్‌సండ్ ఎవడింట్లో పెట్టొచ్చావు?" అని వెళ్లిపోతాడు. నా లెక్కలో ఆ గదిలో కంప్యూటర్ సైన్స్ జరిగేది ఆ ఒక్క క్షణమే. మిగతాదంతా చేతిరాత.

ఇంత తెలిసినవాడికి మార్కులు ఎన్నని అడుగుతారు మీరు. 31. ఒక్కోసారి 28. ఇతని వాయిస్ నోటు విని రాసినమ్మాయికి 64 వస్తుంది. కారణాలు రెండు. తెల్లారేదాకా చెప్పీ చెప్పీ, పరీక్ష హాల్లో ఓఎమ్మార్ షీటు నింపేసరికే ఇతనికి కునుకు పట్టేస్తుంది. రెండోది, అర్థమైపోయిన విషయాన్ని నాలుగు పేజీలు సాగదీయడం ఇతనికి చేతకాదు. డైక్‌స్ట్రా షార్టెస్ట్ పాత్ అల్గారిథం పది మార్కులకి అడిగితే ముప్పావు పేజీలో ముగించి బొమ్మ గీస్తాడు. అడిగితే కథ చెబుతాడు: ఆ మహానుభావుడు 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ హోటల్లో కూర్చుని, కాగితం పెన్సిలు లేకుండా ఇరవై నిమిషాల్లో దాన్ని ఆలోచించేశాడట. "ఆయనకి కాగితమే అక్కర్లేకపోయింది, నాకు ముప్పావు పేజీ చాలదా?" చాలదు నాయనా. పేపర్లు దిద్దేవాడు కాఫీ హోటల్లో కూర్చోడు, ఎదురుగా కట్టలు పెట్టుకుని కూర్చుంటాడు.

ఏ రాత్రి ఎవరికి చెప్పినా మామ పైసా తీసుకోడు. మహా అయితే ఎగ్ మ్యాగీ. దానికీ "ఉల్లిపాయలు దండిగా వెయ్యమను" అని షరతు. పరీక్షలైన మర్నాడు మాత్రం ఎవరికీ ఇతను గుర్తుండడు. ఫలితాల రోజు సైటు మొరాయిస్తుంటే అందరి హాల్‌టికెట్ నంబర్లూ ఇతనే కొట్టి చూసిపెడతాడు, తనది చివర్న.

మామకి మిగిలిన ఒకే ఒక్క బాకీ మొదటి ఏడాది ఇంజినీరింగ్ గ్రాఫిక్స్. సీఎస్‌ఈ వాడికి ఆ గీతలెందుకని అప్పట్లో వాదించాడు. యూనివర్సిటీ ఆ వాదన వినలేదు. నాలుగో ఏడు వచ్చేసింది, క్యాంపస్‌లో ఉద్యోగం ఖాయమైంది, బ్యాక్‌లాగ్ ఉంటే చేర్చుకోం అన్నారు. చేసేది లేక సప్లీ ముందురాత్రి డ్రాఫ్టర్ భుజాన వేసుకుని మెకానికల్ బ్లాకుకి వెళ్లాడు. అక్కడా ఒక గది, రెండు మంచాలు, బీరువా తలుపు మీద ఐసోమెట్రిక్ బొమ్మ గీస్తున్న రెండో ఏడు కుర్రాడు, చుట్టూ జనం.

"తమ్ముడూ, రేపు ఏమొస్తాయి?"

"కూర్చో అన్నా. ప్రొజెక్షన్స్ గ్యారంటీ. అవి పట్టుకుంటే పాసే. నువ్వు సీఎస్‌ఈ కదూ? చిన్న మాటన్నా. మా వాళ్లలో ఆరుగురికి సీ ఉండిపోయింది. పాయింటర్లంటే వణికిపోతున్నారు. ఒక్క పది నిమిషాలు చెప్పి, ఆ తర్వాత మనం ప్రొజెక్షన్స్‌లోకి వెళ్దాం."

"పది నిమిషాలేగా" అన్నాడు మామ. డ్రాఫ్టర్ మంచం కిందికి తోసి మార్కర్ అందుకున్నాడు. రెండున్నరకి డబుల్ పాయింటర్లలో ఉన్నారు. నాలుగింటికి ఎవరో మ్యాగీ తెచ్చారు, ఉల్లిపాయలు దండిగా వేయించి.