కాస్త దింపేసి వెళ్ళమ్మా

కారు నేర్చుకుంటే ఆడదానికి స్వేచ్ఛ వస్తుందని నాకు చెప్పినవాళ్ళు చాలామంది. వాళ్ళలో ఒక్కరికీ కారు నడపడం రాదు. మా పెద్దాడపడుచు, పై ఫ్లాటు పిన్నిగారు, కాలేజీలో సంస్కృతం చెప్పే మేడమ్, అందరికంటే గట్టిగా మా అత్తయ్యగారు. "నేర్చుకో అమ్మాయ్, ఎక్కడికి పోవాలన్నా ఒకరి మొహం చూడక్కర్లేదు" అనేవారు. నిజమే. నేను ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఇప్పుడు అందరూ నా మొహమే చూస్తున్నారు.

మాది విజయవాడ, పటమట. నేర్పడానికి వచ్చిన డ్రైవింగ్ స్కూలు కుర్రాడికి పాతికేళ్ళుంటాయి, ఓర్పు మాత్రం ఎనభై ఏళ్ళవాళ్ళకి ఉండేటంత. స్కూలు కారులో ఎడమవైపు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. "హాఫ్ క్లచ్‌లో ఉంచండి మేడమ్" అంటూ ఆ పెడళ్ళు ఆయనే తొక్కుతుంటే, స్టీరింగ్ పట్టుకుని బెంజ్ సర్కిల్ దాటి, అదంతా నా ప్రతిభేనని మురిసిపోయాను. ఎల్.ఎల్.ఆర్. వచ్చాక 30 రోజులు ఆగితే గానీ అసలు లైసెన్సు పరీక్షకి రానివ్వరు. ఆ నెల రోజుల్లో క్లచ్చు కంటే బంధువులే తొందరగా పట్టుబడ్డారు. నాకింకా రివర్స్ రాకముందే మా ఆడపడుచు తన చెకప్ తేదీ నా లైసెన్సు తేదీని బట్టి వాయిదా వేయించుకుంది.

లైసెన్సు చేతికొచ్చింది. ఎడమ సీట్లోకి మావారు వచ్చారు. మా సొంత కారులో ఆ వైపు పెడళ్ళు లేవు. ఆ సంగతి ఆయన కాలికి ఇప్పటికీ తెలియదు. లేని బ్రేకు తొక్కీ తొక్కీ అక్కడి రబ్బరు మ్యాటు అరిగిపోయింది. కర్ణుడికి రథం తోలుతూ శల్యుడు దెప్పిపొడిచాడని భారతంలో చదువుకున్నాం. పగ్గాలు కర్ణుడి చేతిలో ఉండి, శల్యుడు పక్కన ఊరికే కూర్చుని ఉంటే ఎలా ఉండేదో వ్యాసుడు రాయలేదు. చూడాలనుకునేవాళ్ళు మా కారెక్కవచ్చు. "లారీ! లారీ!" అని కేక పెడతారు. లారీ రామవరప్పాడు రింగు దగ్గర ఉంటుంది, మేం పటమటలోనే ఉంటాం.

అయినా మావారిని అనకూడదు. నేను కారు నేర్చుకున్నాక ఆయనకి వచ్చినంత స్వేచ్ఛ ఇంకెవరికీ రాలేదు. పూర్వం తెల్లవారుజామున నాలుగున్నరకి మా మరిది కుటుంబం రైలు దిగుతుందంటే ఈయనే లేచి, చొక్కా తిరగేసి తొడుక్కుని, స్టేషనుకి పరిగెత్తేవారు. ఇప్పుడు "నీకు డ్రైవింగ్ వచ్చుగా" అని అటు తిరిగి పడుకుంటారు. అందులో వ్యంగ్యం లేదు, కోపం లేదు. పద్దు అప్పగించిన గుమాస్తా మొహంలో ఉండే ప్రశాంతత ఉంది.

అసలు కిటుకు "దింపడం" దగ్గర ఉంది. మగవాడు కారు తీస్తే అది ప్రయాణం. ఆడది తీస్తే "ఎలాగూ అటే వెళ్తున్నావుగా". నేను వెళ్ళేది కానూరు, బందరు రోడ్డు మీద తిన్నగా పోతే వస్తుంది. మా వాళ్ళ లెక్కలో అదే రోడ్డు మీద వన్ టౌనూ ఉంది, గొల్లపూడీ ఉంది, ఒక్కోసారి గన్నవరం విమానాశ్రయం కూడా ఉంటుంది. ఇవేవీ నేను వెళ్ళే వైపు కావని చెప్పబోతే, "కారే కదమ్మా, నువ్వేం మోస్తున్నావా?" అంటారు. ఇదే అడగడం మావారిని అడిగేవాళ్ళు కాదు. "ఆయనకి ఏం పనుందో ఏమో, పాపం" అని ఆటోకి చెయ్యెత్తేవాళ్ళు. మగవాళ్ళకి పనులుంటాయి. మాకు కారుంటుంది.

ఈ విషయంలో నాకు గొప్ప పూర్వీకురాలు ఒకావిడ ఉందని ఈమధ్యే తెలిసి కొంచెం ఊరట కలిగింది. కార్ల్ బెంజ్ 1886లో తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. పెళ్ళికి ముందే అతని కంపెనీ మునిగిపోతుంటే ఒడ్డున పడేసింది ఆయనకి కాబోయే భార్య బెర్తా, తన కట్నం డబ్బులోంచి. చరిత్ర పుస్తకాల్లో అది పెట్టుబడి. మన ఊళ్ళో దానికి వేరే పేరుంది. సరే, బండి తయారైంది గానీ దాన్ని దూరం తీసుకెళ్ళి జనానికి చూపించే ధైర్యం పెద్దమనిషికి చాలలేదు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఆవిడ మొగుడికి చెప్పకుండా ఇద్దరు మగపిల్లల్నీ ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. దారి 100 కిలోమీటర్ల పైమాటే. ప్రపంచంలో ఒక మనిషి కారు వేసుకుని అంత దూరం వెళ్ళడం అదే మొదలట. ఇంతకీ ఎక్కడికి? పుట్టింటికి. చెప్పా పెట్టకుండా, పిల్లల్ని వెంటేసుకుని, చీటీ రాసిపెట్టి మరీ. తెలుగు సినిమాలో అయితే ఇక్కడ ఇంటర్వెల్ పడుతుంది.

దారిలో ఇంధనం అయిపోతే వీస్లోక్ అనే ఊళ్ళో మందుల షాపులో లిగ్రోయిన్ కొని పోసింది. గొట్టంలో నలక అడ్డం పడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే ఒక చెప్పులు కుట్టే ఆయనతో తోలు వేయించింది. మెట్ట వచ్చినచోట పిల్లలు దిగి తోశారు. సాయంత్రం పుట్టిల్లు చేరి మొగుడికి టెలిగ్రాం కొట్టింది. ఈ మొత్తం కథలో నన్ను ఆకట్టుకున్నది ధైర్యం కాదు, తెలివి కాదు. పక్క సీటు నుంచి "మెల్లిగా, మెల్లిగా" అనే మనిషిని ఇంట్లో నిద్రపోతుండగా వదిలేసి వెళ్ళిందే, అది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్కులో ఇరుక్కున్నప్పుడల్లా ఆవిడకో నమస్కారం పెట్టుకుంటాను.

మాటవరసకి అనుకుందాం, డ్రైవింగ్ వస్తేనే స్వేచ్ఛ వస్తుందని. అలాగైతే లోకంలో అందరికంటే స్వేచ్ఛగా ఉండాల్సింది డ్రైవర్లే కదా? సౌదీ అరేబియాలో ఆడవాళ్ళు కారు నడపడానికి 2018 జూన్ 24 దాకా అనుమతి లేదు. అన్నాళ్ళూ ఆ ఇళ్ళ ఆడవాళ్ళని తిప్పినవాళ్ళలో కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ హౌస్ డ్రైవర్ వీసా మీద వెళ్ళిన మనవాళ్ళు కూడా ఉన్నారు. బండి నడపడం వచ్చింది వీళ్ళకి. ఎక్కడికి పోవాలో చెప్పింది వాళ్ళు. సెలవు దొరక్క చెల్లెలి పెళ్ళి ఫోన్లో చూసుకున్నవాణ్ణి అడిగితే స్టీరింగుకీ స్వేచ్ఛకీ చుట్టరికం ఏమిటో చెబుతాడు. అంతదాకా ఎందుకు, కృష్ణుడంతటి వాడు పగ్గాలు పట్టినా రెండు సేనల మధ్య రథం ఆపమన్నది అర్జునుడే. ఆపాక పద్దెనిమిది అధ్యాయాలు మాట్లాడుకునే వీలు ఆయనకైనా దొరికింది. నేను నోరు విప్పితే "ముందు రోడ్డు చూడు" అంటారు.

ఇక మొన్న మాఘమాసంలో కంకిపాడులో పెళ్ళి. కారు నేర్చుకున్న ఆడవాళ్ళు లోలోపల కలలుగనే క్షణం ఒకటుంది. అది వెళ్ళడం కాదు, వెళ్ళిపోవడం. భోజనం అయ్యాక, ఐస్‌క్రీమ్ కప్పు బుట్టలో పడేశాక, "ఇక వెళ్దామా" అని ఎవరి చుట్టూ తిరగకుండా, జేబులో తాళాలున్న పెద్దమనిషి పాత స్నేహితులతో రాజధాని భూముల ధరలు తేల్చేదాకా గోడ పక్క కుర్చీలో కూర్చోకుండా, లేచి, చేతులు దులుపుకుని, వచ్చేయడం. తాళాలు నా బ్యాగులోనే ఉన్నాయి. తొమ్మిదింటికి లేచాను. మావారు ఇంకా గుంటూరు ఎకరాల దగ్గరే ఉన్నారు.

"వెళ్తున్నావా అమ్మాయ్? ఉండు, నేనూ వస్తా" అంది పెద్దత్తయ్య. ఆవిడ రావడమంటే ముందు తాంబూలం తీసుకోవడం, తీసుకున్నాక అందులో జాకెట్టు ముక్క రంగు మార్పించుకోవడం, పెళ్ళికూతుర్ని మరోసారి దీవించి కంటతడి పెట్టడం. ఈలోగా కబురు పాకింది. పటమట వైపు వాళ్ళు, పటమట అవతలి వాళ్ళు, పటమట అంటే ఏమిటో తెలియకపోయినా కారంటే ఏమిటో తెలిసినవాళ్ళు పోగయ్యారు. పిన్నిగారు, ఆవిడ మనవడు, నిద్రపోతున్న ఆ మనవడి షూలు, పెళ్ళివారిచ్చిన అరిసెల డబ్బాలు, మండపం విప్పుతుంటే ఎవరో ఏరుకున్న బంతిపూల సంచి. అయిదుగురు పట్టే కారు. పెద్దత్తయ్య లెక్కలో పిల్లలు మనుషులు కారు, డబ్బాలు సామాను కావు.

ఒక్కొక్కరినీ గుమ్మం దాకా దింపాలి. సందు మొదట్లో ఆపితే "రాత్రిపూట ఆడవాళ్ళం ఎలా నడుస్తామే" అంటారు. సందులోకి వెళితే రివర్సులో రావాలి. నేను రివర్సులో వస్తుంటే వెనక నిలబడి ముగ్గురు మూడు వైపులకి చేతులూపుతారు. చివరికి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. తలుపు తీసింది మావారే. ఎవరి బైకు మీదో ఎప్పుడో వచ్చేశారు. లుంగీ కట్టుకుని, మజ్జిగ తాగుతూ అడిగారు. "ఇంతాలస్యం అయిందేమిటి? కారు నీ దగ్గరే ఉందిగా?"

కారు ఉన్నందుకు నేను ఆధారపడే మనుషుల జాబితా వేరే ఉంది. పంక్చరు అబ్బాయి, మెకానిక్కు, పార్కింగులో అడ్డంగా పెట్టిన స్కూటరు పక్కకి జరిపే వాచ్‌మెన్, ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో ఫోన్లో చూసిపెట్టే మా అమ్మాయి. బీసెంట్ రోడ్డులో చీర కొనాలంటే కారు ఎక్కడో దూరంగా పెట్టి, అక్కడినుంచి ఆటో ఎక్కుతాను. ఆటోలో కూర్చుంటే ఎంత హాయో చెప్పలేను. ఆ బ్రేకు ఎవరిదో వాళ్ళు చూసుకుంటారు.

ఈ హాయి రుచి మరిగాక ఒక రోజు అసలైన పని చేశాను. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆర్టీసీలో స్త్రీశక్తి పథకం వచ్చింది కదా, పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్ళకి టికెట్టు డబ్బుల్లేవు. కారు కింద పార్కింగులో ఉండగానే, ఆధార్ కార్డు పర్సులో వేసుకుని, బందరు బస్సెక్కాను. మా పుట్టిల్లు బందరు. ఉయ్యూరు దాకా నిలబడ్డాను, అక్కడ కిటికీ పక్కన సీటు దొరికింది. ఉయ్యూరు నుంచి పామర్రు దాకా రోడ్డుకి రెండువైపులా ఏముంటుందో నాకు ఆ రోజే తెలిసింది. నేను నడిపితే నాకు కనిపించేది ముందు లారీ వెనక రాసిన కవిత్వమే. బస్సు డ్రైవరుని "మా ఇంటి సందులోకి కాస్త తిప్పవూ బాబూ" అని ఎవరూ అడగలేదు. అడిగినా ఆయన తిప్పే రకంలా లేడు. నాకు ఆయనంటే అసూయ కలిగింది. నిద్ర కూడా పోయాను. బెర్తా బెంజ్‌కి ఈ సుఖం దక్కలేదు, పాపం.

ఇంత చెప్పి కారుని ఆడిపోసుకోవడం ధర్మం కాదు. ఒకసారి అర్ధరాత్రి అమ్మకి గుండెలో ఎలాగో ఉందని ఫోనొచ్చింది. మావారు ఊళ్ళో లేరు. ఎవర్నీ లేపలేదు, ఎవర్నీ బతిమాలలేదు. తాళాలు తీసుకుని ఖాళీ రోడ్డు మీద నేనే వెళ్ళాను. ఆ గంటన్నర కోసం జీవితాంతం అందర్నీ దింపినా నష్టం లేదనిపించింది, నిజంగానే అనిపించింది. వెళ్ళేసరికి అమ్మ లేచి కూర్చుని ఉంది. అది గుండె కాదు, గ్యాసు. నన్ను చూసి కళ్ళు తుడుచుకుని, "ఎలాగూ కారు తెచ్చావుగా, తెల్లారాక చిలకలపూడి పాండురంగడి గుడికి పోదాం. పక్కింటి వాళ్ళని కూడా రమ్మంటాను" అంది.

మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. కారు నేర్చుకోవే అంటే ససేమిరా అంటోంది. "నేర్చుకుంటే నన్ను పంపిస్తారు. రాదంటే నువ్వు దింపుతావు" అంది, ఫోన్లోంచి తల ఎత్తకుండా. ఆ పిల్ల కామర్సు తీసుకుంది, తీసుకోవాల్సిందే.

నేర్చుకుంటానన్నది మా అత్తయ్యగారు. అరవై ఎనిమిదేళ్ళు. లైసెన్సుకి పై వయసు హద్దు చట్టంలో ఏమీ లేదట, నలభై దాటినవాళ్ళు డాక్టరు దగ్గర ఫారం 1ఎ రాయించుకుంటే చాలట. అంతా ఆవిడే కనుక్కున్నారు. కంటి పరీక్షా చేయించుకున్నారు, దానికీ నేనే తీసుకెళ్ళాను, అప్పుడు ఎందుకో చెప్పలేదు. నాకు మాత్రం లోపల దీపావళి. ఈవిడకి వచ్చేస్తే సగం ఊరు నా నెత్తి మీంచి దిగుతుంది.

"స్కూలు కుర్రాడు ఇంటికే వచ్చి ఎక్కించుకుంటాడు కదండీ" అన్నాను.

"వద్దమ్మా, అపార్ట్‌మెంటు వాళ్ళంతా బాల్కనీల్లో నిలబడి చూస్తారు. కంకిపాడు అవతల ఖాళీ రోడ్డు మీద నేర్పమన్నాను, పొద్దున ఆరింటికి. నువ్వు నన్ను అక్కడ దింపు. అరగంటేగా క్లాసు, కారులోనే కూర్చో, మళ్ళీ తీసుకొద్దువుగాని."