పార్మ జున్ను పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

ఏడు గడచు వరకు నెవ్వరు ముట్టరు;
రెండు గడువ లోన రేణు వెదుగు;
మూడు గడువ నోట ముత్తెమై కరకర
లాడు పార్మ జున్ను చూడుమన్న!

అవతారిక: విరిగిన పాలముద్ద కొత్తలో చప్పగా, సాగుతూ ఉంటుంది గదా, దానికి కాలం చేసే ఉపకారమేమి అని శిష్యుడు అడుగగా కవి ఈ ఆటవెలది సెలవిస్తున్నాడు.

ప్రతిపదార్థం: ఏడు గడచు వరకున్ = పన్నెండు నెలలు నిండేదాకా (ఇది సంఖ్య కాదు, సంవత్సరం; కనుక ఏడు వెనుక రెండు వచ్చినా కవికి లెక్క తప్పలేదు); ఎవ్వరు ముట్టరు = ఎవరూ తినరు; రెండు గడువన్ = రెండేళ్లు కాగా; లోనన్ = చక్రం లోపల; రేణువు ఎదుగున్ = పలుకు కట్టును; మూడు గడువన్ = మూడేళ్లు కాగా; నోటన్ = నోటిలో; ముత్తెమై = ముత్యమై; కరకరలాడు = కరకరమనే; పార్మ జున్ను = ఇటలీలో పార్మా, రెజ్జో ఎమీలియా సీమల పార్మిజానో రెజ్జానో చీజును; అన్న = ఓ అన్నా; చూడుము = రుచి చూడుము.

తాత్పర్యం: సాయంత్రం పితికి మీగడ తీసిన పాలు, మరునాటి ఉదయపు పాలు రాగి బానలో కలిపి, విరిచి, ఉప్పునీట ఊరవేసి, చెక్క అరలకెక్కిస్తారు. సుమారు 550 లీటర్ల పాలకు 40 కిలోల చక్రం ఒకటి. అటుపైన ఎవరూ చిటికెడు దినుసు కలపరు. తేమ మెల్లగా ఆరుతుంది. తోడుకు వాడిన ఎంజైములూ, బాక్టీరియా ఎంజైములూ కేసీన్ అనే ప్రొటీన్ గొలుసులను అమైనో ఆమ్లాల దాకా తెంపుతూ పోతాయి. గొలుసుకు రుచి లేదు, తెగిన తునకలకే రుచి. వాటిలోని గ్లుటామిక్ ఆమ్లమే నాలుక మీద నిలిచిపోయే ఉమామి అనే రుచి. అల్లిక తెగింది గనుక ముద్ద ఇక సాగదు, పలుకులుగా విరుగుతుంది. కాలం కొత్తగా చేర్చేదేమీ లేదు, ఉన్నదాన్నే విడదీస్తుందని కవి హృదయం.

విశేషాలు

1. 'ముట్టరు' అనగా తాకరని చెప్పరాదు. అరల మీది చక్రాలను తరచూ తిరగేసి తుడుస్తూనే ఉంటారు. ఏడాది నిండగానే పరీక్షకుడు చిన్న సుత్తితో తట్టి, చెవి ఒగ్గి వింటాడు. లోపలి పగులు శబ్దంలో బయటపడుతుంది. నెగ్గిన చక్రానికే కాల్చిన ముద్ర. కాబట్టి తాకుట దోషం కాదు, కొరుకుటే దోషం.

2. 'ముత్తెము' ఉప్పుకల్లని కొందరి వ్యాఖ్య. అది నిలువదు. ఉప్పయితే నోట కరగవలె. మూలంలో 'కరకర' అని ఉన్నది. గొలుసుల నుంచి ఊడిపడిన టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నీట సరిగా కరగక, పోగుపడి స్ఫటికమవుతుంది. ముత్తెమనుటలో ధనధ్వని కూడా కలదు: అక్కడి క్రెడిటో ఎమిలియానో బ్యాంకు ఈ చక్రాలను కుదువ పెట్టుకుని తయారీదారులకు అప్పిస్తుంది.

3. 'పార్మ' వ్యర్థపదం కాదు. వయసైతే గట్టిపడుననుట అన్ని చీజులకూ చెల్లదు. నార్మండీ వారి కామంబేర్ మీది తెల్లబూజు పులుపును తినివేయగా, ఆ ముద్ద అంచుల నుంచి లోపలికి మెత్తబడుతూ వారాల్లోనే జారుడవుతుంది. ఈ అతివ్యాప్తిని వారించుటకే ఆ విశేషణం.

4. తోడుకు వాడే ఎంజైము దూడ పొట్టలోనిది. శాకాహారులైన పూర్వవ్యాఖ్యాతలు ఈ చోట మౌనం వహించి, ముక్క చేతికి తీసుకున్నారు.

పాఠాంతరం: 'మూడు గడువ' అనుచోట 'ఐదు గడువ' అని అంగడివారి పాఠం. యతిభంగమూ ధనభంగమూ ఏకకాలంలో కలుగుతున్నవి గనుక అది గ్రాహ్యం కాదు.