ఆప్టిమస్ గారి ఆషాఢం సేల్

1986 ఆగస్టు 8, శుక్రవారం. పంచాంగం తిరగేస్తే శ్రావణమాసంలో తొలి శుక్రవారం. అమెరికాలో ఆ రోజు 'ది ట్రాన్స్‌ఫార్మర్స్: ది మూవీ' విడుదలైంది. పిల్లల కోసం తీసిన కార్టూన్ సినిమా, తీయించింది బొమ్మల కంపెనీ. వాళ్లకు శ్రావణం సంగతి తెలియదు గానీ ఆషాఢం కిటుకు మాత్రం మన బట్టల షాపుల వాళ్లకన్నా బాగా తెలుసు. కొత్త సరుకు దిగాలంటే పాతది కదలాలి. మనవాళ్లు ఒకటి కొంటే ఒకటి ఉచితం అని బ్యానర్ కడతారు. రోడ్ ఐలండ్ రాష్ట్రం పాటకెట్ ఊళ్లోని హాస్‌బ్రో కంపెనీ ఇంకా శుభ్రమైన పద్ధతి కనిపెట్టింది. పాత సరుకును తెర మీద కాల్చి చంపేసింది.

పాత సరుకంటే మూలన పడున్న పిల్ల పాత్రలు కావు, సాక్షాత్తూ హీరో. అదీ క్లైమాక్స్‌లో కాదు, సినిమా మొదలైన అరగంటకే. పాప్‌కార్న్ పొట్లం సగం కూడా అవ్వదు. మన ఫిల్మ్‌నగర్‌లో హీరో పోయే కథ పట్టుకెళ్లిన రచయితకు కాఫీ కూడా పుట్టదు. ఒకవేళ పోయినా ఇంటర్వెల్ తర్వాత కవల తమ్ముడో, పెరిగిన కొడుకో అవే మీసాలతో దిగాల్సిందే. లేకపోతే కుర్చీల్లో స్పాంజి మిగలదు. పాటకెట్ వాళ్లకు ఆ భయం లేదు. వాళ్ల ప్రేక్షకుల వయసు ఎనిమిదేళ్లు, చేతులు కుర్చీ దాకా అందవు.

పోయినాయన పేరు ఆప్టిమస్ ప్రైమ్. ఎర్ర మూతి లారీ, మడతలు విప్పితే మరమనిషి. పుట్టిల్లు జపాన్. టకారా కంపెనీ డయాక్లోన్ అనే పేరుతో అమ్మిన బొమ్మల్లో ఆయనొకడు. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ ఆయన ఉత్త బండి. తోలడానికి లోపల వేలెడంత డ్రైవరు కూర్చునేవాడు. 1984లో హాస్‌బ్రో ఆ బొమ్మలను అమెరికాకు తెచ్చుకుని డ్రైవరును దింపేసి బండికే ప్రాణం పోసింది. నామకరణానికి మార్వెల్ కామిక్స్ వాళ్లను పిలిచారు. ఆప్టిమస్ ప్రైమ్ అన్న పేరు డెన్నిస్ ఓనీల్ పెట్టాడు. మిగతా బారసాలలు చాలామటుకు బాబ్ బుడియన్స్కీ చేతుల మీదుగా జరిగాయి.

డబ్బా వెనక అట్ట మీద ప్రతి బొమ్మకూ ఒక ప్రోగ్రెస్ కార్డు అచ్చేసేవాళ్లు. బలం, తెలివి, వేగం, ధైర్యం వగైరాలకు పదికి ఇన్ని మార్కులని గ్రాఫు. మామూలు కళ్లకు అంతా అలికినట్టుంటుంది. డబ్బాలో వచ్చే ఎర్ర ప్లాస్టిక్ బద్ద మీద పెట్టి చూస్తేనే గీతలు తేలతాయి. పిల్లలు కత్తెర పట్టుకుని ఆ కార్డులు కత్తిరించి దాచుకునేవాళ్లు. ఆప్టిమస్‌కు దాదాపు అన్నిట్లోనూ పదికి పది. వేగంలోనూ కాల్పుల్లోనూ మాత్రం ఎనిమిది. మన కార్పొరేట్ కాలేజీ అయితే ఆ నాలుగు మార్కుల కోసం సాయంత్రానికల్లా తండ్రికి ఫోన్ చేసి ఉండేది. పాపం, ఆయన తప్పిన సబ్జెక్టు కార్డు మీద లేనే లేదు. మార్కెట్లోకి వచ్చి ఎన్నాళ్లయింది అన్నది ఆ సబ్జెక్టు.

ఇక ఆ గొంతు. పీటర్ కల్లెన్ ఆప్టిమస్‌కు గొంతు అరువిస్తూ, వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చిన, లారీ అనే పేరున్న తన అన్నను మనసులో పెట్టుకున్నాడు. హీరో అంటే కేకలు వేసేవాడు కాదు, మెత్తగా ఉండగలిగేంత బలం ఉన్నవాడని ఆ అన్నే చెప్పి పంపాడట. కంపెనీ అడిగింది ఒక సేల్స్‌మన్‌ను. కల్లెన్ ఇచ్చింది సాయంత్రం నాలుగింటికి టీవీలోంచి పలకరించే ఒక నాన్నను. డెలివరీ తప్పు జరిగిన సంగతి రెండేళ్ల దాకా ఎవరూ కనిపెట్టలేదు.

టీవీలోకి బొమ్మలు ఇంత దర్జాగా ఎలా వచ్చాయంటే, తలుపు తీసి పెట్టినవాళ్లున్నారు. 1969లో హాట్ వీల్స్ కార్ల మీద కార్టూన్ వచ్చినప్పుడు, ఇది కార్యక్రమం కాదు, అరగంట ప్రకటన అని అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ కన్నెర్ర చేసింది. రీగన్ హయాం వచ్చేసరికి ఆ కన్ను చల్లబడింది. కమిషన్ ఛైర్మన్ మార్క్ ఫౌలర్ దృష్టిలో టీవీ కూడా ఇంట్లో ఉండే ఇంకో సామాను, బొమ్మలు చూపించే టోస్టరు. 1984లో పిల్లల కార్యక్రమాల మధ్య ప్రకటనలకున్న పరిమితులు ఎత్తేశారు. ట్రాన్స్‌ఫార్మర్స్ సీరియల్ టీవీలో మొదలైందీ ఆ ఏడాదే. రొట్టె ఎవరు, కాల్చుకు తినేదెవరు అన్నది పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

1986 నాటికి టోస్టరు చాలక థియేటర్ల మీద పడ్డారు. మార్చిలో టోంకా కంపెనీ గోబాట్స్ సినిమాతో రాక్ లార్డ్స్ అనే కొత్త వీరులను దింపింది. వీళ్ల మహిమ ఏమిటంటే, మడతపెడితే రాళ్లయిపోతారు. కారు కాదు, విమానం కాదు, రాయి. మన దగ్గర అహల్య రాయి నుంచి మనిషి కావడానికి రాముడి పాదం దాకా ఆగాల్సి వచ్చింది, అక్కడ నాన్న జేబు చాలు. రాళ్లకు గొంతులిచ్చినవాళ్లలో టెలీ సవాలస్, మార్గో కిడర్ లాంటి పేరున్న నటులున్నారు. జూన్‌లో హాస్‌బ్రోవారి గుర్రప్పిల్లల సినిమా 'మై లిటిల్ పోనీ'. ఆ తర్వాత ఆగస్టులో మన లారీ.

సినిమాలో చావుల వరస చూస్తే గోడౌన్ రిజిస్టరు చదివినట్టే ఉంటుంది. విలన్ మెగాట్రాన్ ముఠా ఒక అంతరిక్ష నౌకలోకి చొరబడింది. బ్రాన్, ప్రౌల్, రాచెట్, ఐరన్‌హైడ్ నలుగురూ చూస్తుండగానే అయిపోయారు. ప్రౌల్ నోట్లోంచి పొగ వచ్చింది. కింద పడిన ఐరన్‌హైడ్ విలన్ కాలు పట్టుకుని ఆపబోతే తలకు గురిపెట్టి మరీ పేల్చారు. అంతా 1984 బ్యాచ్. ఆ బ్యాచ్ వాళ్లకు ఆ రోజు జాతకం బాగాలేదు.

ఆపైన ఆప్టిమస్, మెగాట్రాన్ ముఖాముఖి కొట్టుకుంటారు. మెగాట్రాన్ దాదాపు చిత్తయ్యాడు. అప్పుడు హాట్ రాడ్ అనే కుర్ర కారు సాయం చేస్తానని మధ్యలో దూకి విలన్ చేతికి చిక్కి వాడికి డాలయిపోయాడు. పెద్దాయన కాల్చలేక ఆగాడు, తూటాలు తిన్నాడు. ఈ హాట్ రాడ్ ఎవరనుకున్నారు? ఆ ఏడాది కంపెనీ దింపిన కొత్త మోడల్, కాబోయే నాయకుడు, పిల్లలు ఏడ్చి కొనిపించుకోవాల్సిన బొమ్మ. పిల్లలు ఏడ్చారు గానీ కొనమని కాదు. హీరో చావుకు కారణమైనవాడినే హీరో కుర్చీలో కూర్చోబెట్టి, వీణ్ణి ఇంటికి తీసుకెళ్లండి అని అడగాలంటే మామూలు గుండె చాలదు, మార్కెటింగ్ శాఖ గుండె ఉండాలి.

మరణశయ్య దృశ్యం మాత్రం తీరిగ్గా తీశారు. ఆప్టిమస్ ఛాతీ తలుపులు తెరుచుకుంటాయి. లోపల్నుంచి నాయకత్వానికి గుర్తయిన, వెలుగులు చిమ్మే మాట్రిక్స్ తీసి వారసుడు అల్ట్రా మాగ్నస్‌కు ఇవ్వబోతాడు. అది చేజారుతుంది, హాట్ రాడ్ అందుకుంటాడు. కళ్లలో దీపం ఆరిపోతుంది. ఒంటి మీది ఎరుపూ నీలమూ మెల్లగా బూడిదరంగులోకి దిగిపోతాయి, తల పక్కకు వాలిపోతుంది. డేనియల్ అనే కుర్రాడు వెక్కి వెక్కి ఏడుస్తాడు. అన్నట్టు, ఆ అల్ట్రా మాగ్నస్ బొమ్మ కొని పై కవచం ఊడదీస్తే లోపలుండేది తెల్ల రంగేసిన ఆప్టిమస్ లారీయే. పాతాయనను పాతిపెట్టినా ఆయన అచ్చును మాత్రం పారేయలేదు.

విలన్ల కౌంటర్లో ఎక్స్ఛేంజ్ మేళా కూడా నడిచింది. చావు బతుకుల్లో ఉన్న మెగాట్రాన్ యూనిక్రాన్ దగ్గరికి చేరతాడు. యూనిక్రాన్ అంటే గ్రహాలను మింగే గ్రహం. పాత మెగాట్రాన్‌ను ఇక్కడిచ్చి కొత్త గాల్వట్రాన్‌ను పట్టుకెళ్లొచ్చు. పిస్తోలు పోయి ఫిరంగి వస్తుంది, గొంతు కూడా మారుతుంది. స్టార్ ట్రెక్‌లో స్పాక్‌గా చేసిన లెనార్డ్ నిమాయ్ వచ్చి కూర్చుంటాడు. మెగాట్రాన్ కుర్చీ ఎక్కి కిరీటం పెట్టుకుని మురిసిపోతున్న అనుచరుడు స్టార్‌స్క్రీమ్‌ను గాల్వట్రాన్ అక్కడికక్కడే బూడిద చేస్తాడు. వాడికి ఎక్స్ఛేంజ్ వర్తించలేదు.

యూనిక్రాన్‌కు గొంతిచ్చింది ఆర్సన్ వెల్స్. 1941లో 'సిటిజన్ కేన్' తీసి సినిమా అంటే ఇదీ అనిపించుకున్న మహానుభావుడు. ఆ సినిమాలో లోకంలోని వస్తువులన్నీ కొనిపోగేసిన ఒక కోటీశ్వరుడు పోతూ పోతూ తలుచుకునేది చిన్నప్పుడు ఆడుకున్న ఒక మంచు బండిని. అది తీసిన మనిషి చేసిన ఆఖరి పనుల్లో ఒకటి ఈ గ్రహానికి మాటలు చెప్పడం. 1985 అక్టోబరులో రికార్డింగ్ ముగించుకుని వెళ్లాడు, కొద్ది రోజులకే 10వ తేదీన కన్నుమూశాడు. తమాషా ఏమిటంటే, సినిమా మొత్తం బొమ్మలమ్మడానికే తీస్తే అందులో అన్నిటికన్నా పెద్ద బొమ్మ షాపుల్లో లేదు. నమూనాలు చేసుకున్నారు గానీ అమ్మకానికి పెట్టలేదు. పిల్లలు యూనిక్రాన్‌ను కొనుక్కోవడానికి 2003 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి వాళ్లు పిల్లలు కారు.

అబద్ధమెందుకు, సినిమా చెత్తేమీ కాదు. జపాన్‌లో తోయీ స్టూడియో గీతగాళ్లు ఒళ్లు దాచుకోకుండా గీశారు. టీవీ సీరియల్‌లో కనపడని నీడలు, మెరుపులు ఇందులో కనిపిస్తాయి. మొదట్లోనే ఒక గ్రహం మరో గ్రహాన్ని నమిలే ఘట్టం ఇప్పుడు చూసినా బెదురు పుట్టిస్తుంది. విన్స్ డికోలా సింథసైజర్ మోత కూడా నాకిష్టమే. ఇంత పనిమంతుల చేత ఇంత శ్రద్ధగా చేయించిన స్టాక్ క్లియరెన్స్ ఇంకోటి చూడలేదు.

రచయిత రాన్ ఫ్రీడ్‌మన్ ముందే మొత్తుకున్నాడు. ఇంట్లోంచి తండ్రిని తీసేస్తే ఇల్లు నిలబడదు, మళ్లీ తెచ్చుకోవాల్సి వస్తుంది అన్నాడు. మా దగ్గర పెద్ద ప్లాన్లున్నాయి అని కంపెనీ జవాబు. ప్లాన్లంటే కొత్త బొమ్మలు, ఇంకాస్త ఖరీదైనవి. థియేటర్లలో పిల్లలు భోరుమన్నారు, కోపంగా ఉత్తరాలొచ్చాయి. ఒక పిల్లాడు రెండు వారాలు గది తలుపు వేసుకున్నాడని కథా సలహాదారు ఫ్లింట్ డిల్ తర్వాత చెప్పుకొచ్చాడు. ఆప్టిమస్ ఇంతవాడని తమకు తెలియదట, పాత లైను తీసి కొత్త లైను పెడుతున్నామనే అనుకున్నారట. ఆ మాటను నేను పూర్తిగా నమ్ముతాను. ఆయన ఎవరో తెలియనివాళ్లు ఆ మొత్తం వ్యాపారంలో ఆయన్ను తయారుచేసినవాళ్లే. దాదాపు 60 లక్షల డాలర్లు పెట్టి తీస్తే అమెరికా థియేటర్లలో 58 లక్షలు వచ్చాయి.

ఆ దెబ్బకు కంపెనీకి ప్రాణం విలువ తెలిసింది. అప్పటికే తయారవుతున్న కంపెనీవారి ఇంకో బొమ్మల సినిమా జి.ఐ. జోలో డ్యూక్ అనే సైనికుడు చనిపోవాలి. బొమ్మ గీయడం అయిపోయింది, ఈటె లాంటిది గుండెల్లో దిగిపోయింది. గీతలు మార్చలేక మాటలు మార్చారు. కోమాలోకి వెళ్లాడని ఎవరో అంటారు, చివర్లో కోలుకున్నాడని ఇంకెవరో కబురు చెబుతారు. మన డైలీ సీరియల్ డాక్టర్లు కూడా ఆ కేసు ఒప్పుకునే ముందు ఒకసారి గొంతు సవరించుకుంటారు. ఇక ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమా బ్రిటన్ ప్రతికి చివర ఒక గొంతు తగిలించి, ఆప్టిమస్ ఏదో ఒకరోజు తిరిగొస్తాడని పిల్లలకు హామీ ఇప్పించారు. 1987లో టీవీలో రెండు భాగాల కథతో నిజంగానే లేపి కూర్చోబెట్టారు. 1988లో పవర్‌మాస్టర్ అనే కొత్త డబ్బాలో షాపులకూ పంపారు.

అప్పట్నుంచి ఆప్టిమస్‌కు చావు ఒక సీజన్ అయిపోయింది. 2009 సినిమాలో పోయాడు, అదే సినిమాలో లేచాడు. 2024లో 'ట్రాన్స్‌ఫార్మర్స్ వన్' అనే యానిమేషన్ సినిమా తీసి ఆయన పడుచుతనం కూడా అమ్మారు.

2019లో హాస్‌బ్రో ఒక పథకం ప్రకటించింది. రెండడుగులు దాటిన యూనిక్రాన్, ధర 575 డాలర్లు. 8000 మంది ముందుగా ఒప్పుకుంటేనే తయారీ, లేకపోతే లేదు. మొదటి గడువుకు లెక్క నిండలేదు, పొడిగించారు, నిండింది. 1986లో ముక్కు చీదుకుంటూ థియేటర్లోంచి బయటికొచ్చినవాళ్లు ఇప్పుడు నలభై దాటారు, క్రెడిట్ కార్డులున్నాయి, హాల్లో అద్దాల బీరువా ఉంది. ఇంట్లో పిల్లలు దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. మరీ గొడవ చేస్తే వాళ్లకు ఇంకోటి కొనిపెడతారు.