కునుకు హక్కు

వారానికి 70 గంటలు పనిచేయండని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు కుర్రకారుకు హితబోధ చేశారు. 2025లో అదే ఇన్ఫోసిస్, ఇంటి నుంచి పనిచేస్తూ రోజుకు 9 గంటల 15 నిమిషాలు దాటేస్తున్నవారికి ఆరోగ్యం చూసుకోమని మెయిళ్లు పంపింది. మధ్యలో టీమ్ లీడరు గతేమిటి? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం! అందుకే పని, విశ్రాంతి, టీమ్ బిల్డింగ్ మూడూ ఒకే క్యాబులో ఎక్కించేస్తాడు: ఆదివారం తెల్లవారుజామున 4కి నంది హిల్స్ ప్రయాణం, ల్యాప్‌టాప్ తప్పనిసరి. ఉద్యోగి నిద్ర గురించి బెంగపడిన బెంగళూరు కంపెనీ లేకపోలేదు. మధ్యాహ్నం 2 నుంచి 2.30 దాకా కునుకు తీయొచ్చని 2022లో వేక్‌ఫిట్ తన సిబ్బందికి చెప్పేసింది. అన్నట్టు, వాళ్లు అమ్మేది పరుపులు.